నాటకానికి సెట్ మోడల్ తయారు చేయడం ఎలా?

బొమ్మలు వేయడం వచ్చిన బి.ఎఫ్.ఎ. (చిత్రకళ డిగ్రీ) విద్యార్థులూ, నటన నేర్చుకుంటున్న రంగస్థల కళల విద్యార్థులూ ప్రతి ఏడాదీ పరీక్షల ముందు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: నాటకానికి సెట్ మోడల్, అంటే వేదిక మీది సెట్టుకు చిన్న కొలతల నమూనా, చేసి తెమ్మన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి? చిత్రలేఖనం ఒక శాఖలోనూ నాటకం మరొక శాఖలోనూ నడిచేచోట మొదటివారికి వేదిక కొలతల సంగతి తెలియదు, రెండోవారికి కట్టర్ పట్టుకోవడం అలవాటు ఉండదు. హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయంలో గానీ, బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో గానీ చదివేవారికి రెండు విద్యలూ ఒకే విశ్వవిద్యాలయంలో ఉన్నాయి; వారు పక్క శాఖకు వెళ్లి అడిగి తెలుసుకోవడానికి మొహమాటపడకూడదు. ఆ అవకాశం లేనివారిని దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని మొదటినుంచీ రాస్తున్నాను.

నేను ఇందులో పదే పదే ఒకే సంగతి దగ్గరికి తిరిగి వస్తాను. మోడల్‌లోని ప్రతి వస్తువుకూ ఒక కొలత ఉండాలి, ఆ కొలత నటుడి శరీరం నుంచి రావాలి. బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, నటుడు ఆ గుమ్మంలోంచి తల వంచకుండా రాలేకపోతే ఆ మోడల్ పనికిరాదు.

కావలసినవి

కొలవడానికి 50 అడుగుల టేపు, సుద్దముక్క, గళ్ల నోటుపుస్తకం, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక స్నేహితుడు. గీయడానికి ఎ2 సైజు కాగితాలు, అంగుళాలూ మిల్లీమీటర్లూ రెండూ ఉన్న స్టీలు స్కేలు, మూలమట్టం, పెన్సిలు. కోయడానికి మంచి కట్టర్, నాలుగైదు అదనపు బ్లేడ్లు, కటింగ్ మ్యాట్. మ్యాట్ లేకపోతే దళసరి అట్ట వేసుకోవచ్చు గానీ అది గాట్లు పడిన కొద్దీ బ్లేడును పక్కకు లాగుతుంది కాబట్టి తరచు మార్చుకోవాలి. కట్టడానికి 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు, సుమారు 1 మిల్లీమీటరు మందం ఉన్న మౌంట్ బోర్డు, ఐస్‌క్రీం పుల్లలు, ఫెవికాల్, మాస్కింగ్ టేపు, గుండుసూదులు. పరీక్షించి చూసుకోవడానికి నల్లదారం, చిన్న టార్చి, రెండు మూడు రంగుల జిలెటిన్ పేపర్లు.

థర్మోకోల్ చౌకగా దొరుకుతుందని అందరూ ముందు దానివైపే చూస్తారు. అది సన్నని ముక్కలుగా తెగదు, అంచులు పొడిపొడిగా రాలిపోతాయి, పైగా డబ్బాలో వచ్చే స్ప్రే పెయింటు గానీ ఘాటైన వాసన వచ్చే రబ్బరు జిగురు గానీ తగిలితే కరిగి గుంటలు పడుతుంది. ఫోమ్ బోర్డు మధ్య పొరకూ ఇదే ప్రమాదం ఉంది కనుక రెండింటికీ ఫెవికాలే వాడండి.

1. నాటకాన్ని చదివి పట్టిక రాసుకోండి

మొదటిసారి కథ కోసం చదవండి. రెండోసారి పెన్సిలు పట్టుకొని, ఎవరు ఎటునుంచి వస్తారు, ఎటు వెళతారు, ఎక్కడ కూర్చుంటారు, ఏమి మోసుకొస్తారు, ఏ వస్తువు లేకపోతే ఆ రంగం నడవదు అనే అయిదు విషయాలను మాత్రమే గుర్తిస్తూ చదవండి. వర్ణనలు ఎంత బాగున్నా వాటిని ఇప్పుడు పట్టించుకోవద్దు.

అందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాను. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1909 నాటి రెండో కూర్పులో ఏడు అంకాలు ఉన్నాయి. విజయనగరంలో మధురవాణి ఇల్లు, కృష్ణరాయపురం అగ్రహారం, రామచంద్రపురం అగ్రహారం, చివరికి విశాఖపట్నం, ఇలా చోటు మారుతూనే ఉంటుంది. ఈ నాటకం తీసుకున్న విద్యార్థులు సాధారణంగా ఇంటికొక సెట్టు చొప్పున గీయడం మొదలుపెట్టి, రెండో ఇంటి దగ్గరే అలసిపోతారు. పట్టిక రాసుకుంటే అసలు అవసరాలు బయటపడతాయి. మధురవాణి ఇంట్లోని తొలి రంగం నడవాలంటే ఒక మంచం ఉండి తీరాలి. దాని కింద రామప్పంతులూ గిరీశమూ ఇద్దరూ దాక్కోవాలి, పూటకూళ్లమ్మ చీపురుకట్టతో రావాలి, ఇదంతా ప్రేక్షకులకు కనబడాలి. గోడకు రంగు ఏదైనా రంగం నడుస్తుంది, మంచం ఎత్తు తప్పితే మాత్రం నడవదు. దీనిని గుర్తించిన విద్యార్థికి పని సగం తెలిసినట్టే. ఈ మంచాన్నే ఉదాహరణగా పెట్టుకొని మిగిలిన దశలు వివరిస్తాను.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, నాటకం చదవకముందే ఇంటర్నెట్‌లో సెట్ల ఫోటోలు వెతకడం. ఒకసారి కళ్లలో పడిన ఫోటో చివరివరకూ చేతిని వదలదు. పట్టిక పూర్తయ్యేవరకూ ఫోటోలు చూడవద్దు.

2. వేదికను మీరే కొలవండి

భరతుడి నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో మధ్యమ ప్రమాణపు నాట్యమండపానికి 64 హస్తాల (మూరల) పొడవు, 32 హస్తాల వెడల్పు చెప్పి, అంతకన్నా పెద్దదైతే మాట స్పష్టంగా వినబడదనీ, ముఖంలోని భావం కనబడదనీ కారణం కూడా చెప్పారు. మీరు హాలుకు వెళ్లి టేపు పరిచేది కూడా ఇదే కారణానికి.

తీసుకోవలసిన కొలతలు ఇవి: వేదిక ముందరి తెరుపు వెడల్పు, ఎత్తు, ముందు అంచు నుంచి వెనుక తెర వరకు లోతు, రెండు వైపులా వింగ్స్ (నటులను దాచే పక్క తెరలు) వెనుక ఉన్న ఖాళీ, ప్రేక్షకుల నేల నుంచి వేదిక ఎత్తు, మొదటి వరుస కుర్చీలు, చివరి వరుస కుర్చీలు వేదికకు ఎంత దూరంలో ఉన్నాయి, మొదటి వరుస రెండు చివరలు ఎక్కడికి వస్తాయి, పైన లైట్లు కట్టే గొట్టాలు ఎంత ఎత్తులో ఉన్నాయి. చివరగా, సామాను లోపలికి తెచ్చే వెనుక తలుపు కొలత. ఈ ఆఖరిది చాలామంది మరిచిపోతారు. నేను చదువుకునే రోజుల్లో 10 అడుగుల చదరపు ఫ్లాట్ (చెక్క చట్రానికి గుడ్డ గానీ ప్లైవుడ్ గానీ బిగించిన గోడ పలక) ఒకటి మోడల్‌లో అందంగా అమర్చి, అచ్చం అలాగే పెద్దదిగా కట్టించి హాలుకు తీసుకువెళ్లాము. వెనుక తలుపు ఎత్తు 7 అడుగులు, దాని ముందు ఇరుకు మెట్లు. ప్రదర్శనకు మూడు గంటల ముందు నడిరోడ్డు మీద ఆ ఫ్లాట్‌ను రంపంతో కోయించవలసి వచ్చింది. రంగులు ఆరని ఆ కోత ప్రదర్శన పొడవునా ప్రేక్షకులకు కనబడుతూనే ఉంది.

వేదిక మూలలు నిజంగా మూలమట్టంగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి రెండు కర్ణాలూ కొలవండి. ఉదాహరణకు 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉన్న వేదికకు కర్ణం 36 అడుగుల పైన ముప్పావు అంగుళం లోపే రావాలి, రెండూ సమానంగా ఉండాలి. కొన్ని అంగుళాల తేడా వస్తే ఆ వంకరను అయిదో దశలో గీసే ప్లాన్‌లో కూడా చూపించండి, సరిదిద్ది గీయవద్దు.

హాలు దొరకని పక్షంలో మీ అధ్యాపకులను అడిగి ఒక ఊహా వేదిక కొలతలు రాయించుకోండి. ఈ వ్యాసంలో నేను 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు, 14 అడుగుల ఎత్తు అనుకుంటున్నాను.

3. స్కేలు నిర్ణయించుకోండి

స్కేలు అంటే ఇక్కడ అసలు కొలతను మోడల్‌లో ఎంతకు తగ్గించాలో చెప్పే నిష్పత్తి. రెండు స్కేళ్లు వాడుకలో ఉన్నాయి. ఒకటి 1:25, అంటే మోడల్‌లో 4 సెంటీమీటర్లు ఒక మీటరు. రెండోది 1:24, అంటే మోడల్‌లో అర అంగుళం ఒక అడుగు. మీ సిలబస్‌లో ఏదైనా నిర్దేశించి ఉంటే దానినే పాటించండి. లేకపోతే రెండోదే తీసుకోమని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే మన వడ్రంగులు, హాళ్లవారు, ప్లైవుడ్ దుకాణాలవారు అందరూ అడుగులూ అంగుళాల్లోనే మాట్లాడతారు, ప్లైవుడ్ షీటు కూడా 8 అడుగులు, 4 అడుగుల సైజులోనే వస్తుంది.

అర అంగుళం స్కేలులో మన వేదిక 15 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల లోతు, 7 అంగుళాల ఎత్తు అవుతుంది. ఏడడుగుల తలుపు మూడున్నర అంగుళాలు, మూడడుగుల గుమ్మం ఒకటిన్నర అంగుళం, ఒకటిన్నర అడుగుల ఎత్తున్న కుర్చీ పీట ముప్పావు అంగుళం. ఈ లెక్కలన్నీ ఒక అట్టముక్క మీద రాసి బల్లకు ఎదురుగా అంటించుకోండి.

హెచ్చరిక: మధ్యలో స్కేలు మార్చవద్దు. వేదికను 1:25లో గీసి, సామాను 1:24లో చేసినవారిని చూశాను. ఒక్కొక్క వస్తువుకూ తేడా చాలా కొద్దిదే గానీ, 30 అడుగుల గోడ దగ్గరికి వచ్చేసరికి అది అడుగుకు పైగా పెరుగుతుంది.

4. ముందుగా మనిషిని తయారు చేయండి

గోడల కన్నా, తలుపుల కన్నా ముందు మౌంట్ బోర్డు మీద అయిదున్నర అడుగుల మనిషి ఆకారం గీసి కోయండి. మన స్కేలులో అది రెండు ముప్పావు అంగుళాలు, అంటే దాదాపు 7 సెంటీమీటర్లు. నిలబడిన మనిషి ఇద్దరు, కూర్చున్న మనిషి ఒకరు, పడుకున్న మనుషులు ఇద్దరు, ఇలా అయిదుగురిని చేయండి. ముఖాలు, బట్టల మడతలు గీస్తూ కూర్చోవద్దు; శరీరం ఆక్రమించే చోటు కనబడితే చాలు. కింద చిన్న పీట అంటిస్తే పడిపోకుండా నిలబడతారు.

ఇప్పుడు మంచం దగ్గరికి వద్దాము. ఒకటిన్నర అడుగుల ఎత్తున్న నులకమంచం మోడల్‌లో ముప్పావు అంగుళం వస్తుంది, చూడడానికి ఎంతో సహజంగా ఉంటుంది. పడుకున్న మనిషి బొమ్మలను రెండింటిని దాని కిందికి తోయండి. దూరుతారు గానీ, పైన ఎవరైనా కూర్చుంటే నులక కిందికి సాగి వారి వీపుకు తగులుతుంది. తల ఎత్తి మాట్లాడడానికి వీలుండదు, ముఖం ప్రేక్షకుల వైపు తిప్పడానికి అసలే వీలుండదు. అందుచేత ఈ రంగానికి నేల నుంచి పట్టె అడుగు అంచు వరకు 2 అడుగుల ఖాళీ ఉన్న పట్టెమంచం కావాలి, మోడల్‌లో ఒక అంగుళం. పొడవు 6 అడుగులు, వెడల్పు 3 అడుగులు అనుకుంటే, మూడు అంగుళాల వైపు ప్రేక్షకులకు ఎదురుగా పెట్టాలి. దుప్పటి వేలాడవేస్తే అందంగా ఉంటుందని చాలామందికి అనిపిస్తుంది. జానెడు వేలాడినా మంచం కింద జరిగేదంతా మూసుకుపోయినట్టే. చీపురు విసరడానికి మంచం ముందు కనీసం నాలుగైదు అడుగుల ఖాళీ కూడా వదలాలి. బొమ్మగా మాత్రమే గీసిన మంచం ఈ సంగతుల్లో ఒక్కటి కూడా చెప్పదు.

5. గ్రౌండ్ ప్లాన్ గీయండి

పై నుంచి చూస్తే వేదిక ఎలా కనబడుతుందో ఎ2 కాగితం మీద గీయడమే గ్రౌండ్ ప్లాన్. మొదట వేదిక మధ్యగా ముందు నుంచి వెనుకకు ఒక సన్నని గీత గీయండి. అన్ని కొలతలూ దాని నుంచే కుడికీ ఎడమకీ తీసుకోవాలి. తరువాత ముందరి తెర పడే చోటు, వింగ్స్, వెనుక తెర గుర్తించండి. ఆ తరువాతే గోడలు, లెవెల్స్ (వేదిక మీద నటులు ఎక్కి నిలబడే ఎత్తు అరుగులు), మెట్లు, సామాను.

వేదికకు కుడి, ఎడమలు నటుడు ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడినప్పటి కుడి, ఎడమలు. చిత్రలేఖనం విద్యార్థులు కాగితం చూసి కుడి అంటే తమ కుడి అనుకుంటారు, దర్శకుడు చెప్పినదానికి సరిగ్గా తిరగబడిన ప్లాన్ తయారవుతుంది. కాగితం మీద రెండు వైపులా పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.

ఇంటి గదిని చూపించేటప్పుడు రెండు పక్క గోడలను వేదిక అంచులకు సమాంతరంగా గీయవద్దు. మన కొలతల్లో ముందు 28 అడుగుల వెడల్పు ఉంటే వెనుక 20 అడుగులకు తగ్గేలా పక్క గోడలను లోపలికి వాల్చండి. అప్పుడు పక్కన కూర్చున్న ప్రేక్షకులకు కూడా ఆ గోడలూ వాటిలోని తలుపులూ కనబడతాయి. పక్క గోడలోని తలుపుకు బందులు వెనుక తెర వైపు ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. అలా చేస్తే తెరిచిన రెక్క నటుడిని కప్పేయదు, వింగ్స్‌లో నిలబడినవారు కూడా కనబడరు. పరీక్షలో ఎగ్జామినర్లు మోడల్ ముందు నిలబడి ‘ఈ తలుపు ఎటు తెరుచుకుంటుంది?’ అని అడగడం పరిపాటి. జవాబు ప్లాన్‌లోనే పావు వృత్తం గీసి చూపించి ఉంచండి.

గోడలను 4 అడుగుల వెడల్పు ఫ్లాట్లుగా విడదీసి గీయండి. ప్లైవుడ్ వృథా కాదు, ఇద్దరు కలిసి మోయగలుగుతారు, చిన్న వ్యానులో పడతాయి. నాటక పరిషత్తుల పోటీల్లో నాటకం వేసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. మీకు ముందు ఆడిన నాటక సమాజం సెట్టు విప్పిన వెంటనే మీ సెట్టు నిలబడాలి, ఆ తొందరలో విడదీయలేని గోడ ఎవరికీ ఉపయోగపడదు.

6. తెల్ల మోడల్ చేసి దారంతో పరీక్షించండి

అన్ని దశల్లోనూ ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది దాటవేసేదీ ఇదే. రంగులు లేకుండా, జిగురు లేకుండా, చౌక అట్టతో, మాస్కింగ్ టేపుతో గుండుసూదులతో నిలబెట్టే మోడల్‌ను తెల్ల మోడల్ అనుకుందాము. దీనిని ఒక పూటలో చేయాలి, ఇష్టం లేకపోతే నిమిషంలో చింపేయగలగాలి. శ్రమపడి రంగులు వేసిన గోడను కదపడానికి మనసు రాదు, అట్టముక్కను కదపడానికి ఎవరికీ బాధ ఉండదు.

ప్లాన్ కాగితాన్ని ఒక పెద్ద అట్ట మీద పరిచి, వేదిక ముందరి చట్రాన్ని నిలబెట్టండి. మొదటి వరుసలో ఎడమ చివరి కుర్చీ ఉండే చోట గుండుసూది గుచ్చండి. అక్కడినుంచి నల్లదారాన్ని చట్రం ఎడమ అంచుకు తాకేలా లాగి, వెనుక గోడ వరకు తీసుకువెళ్లండి. దారానికి ఎడమ పక్కన ఉన్నదేదీ ఆ కుర్చీలోని మనిషికి కనబడదు. ఇప్పుడు అదే సూది నుంచి చట్రం కుడి అంచుకు తాకేలా లాగితే, కుడి వింగ్స్‌లో ఎంతవరకు అతనికి కనబడుతుందో తెలుస్తుంది. తమ ఎంట్రీ కోసం ఎదురుచూస్తున్న నటులు అక్కడ నిలబడకుండా మరొక వింగ్ పెట్టాలి. కుడి చివరి కుర్చీ నుంచి కూడా ఇలాగే చేయండి. మంచం, ముఖ్యమైన గుమ్మం, మనిషి కుప్పకూలే చోటు, ఇవన్నీ రెండు వైపుల దారాల మధ్య ఉన్న భాగంలోనే పడాలి.

వేదికను నిలువుగా కోసి పక్క నుంచి చూసినట్టు గీసే బొమ్మ, అంటే సెక్షన్, కూడా ఒకటి గీసి ఇదే దారం పరీక్ష చేయండి. మొదటి వరుసలో కూర్చున్నవారి కన్ను నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున ఉంటుంది. వేదిక ఎత్తు మూడున్నర అడుగులైతే వారు వేదిక నేలను దాదాపు కంటి మట్టంలో చూస్తారు. నేల మీద వేసిన ముగ్గు వారికి ఒక గీతలా కనబడుతుంది. ముగ్గు కథకు అవసరమైతే దానిని 6 అంగుళాల లెవెల్ మీద వేసినా లాభం ఉండదు, ఆ లెవెల్ సరిగ్గా వారి కంటి మట్టానికి వచ్చేస్తుంది. ముందుకు వాలిన పలక మీద వేయాలి, లేదా గడప మీదికి, గోడ మీదికి మార్చాలి. బాల్కనీలో కూర్చున్నవారికి దీనికి విరుద్ధంగా నేల అంతా కనబడుతుంది గానీ, పైన వేలాడే అడ్డ తెర కిందికి దిగితే వెనుక నిలబడినవారి తలలు తెగిపోతాయి.

దారం పరీక్ష అయ్యాక మోడల్‌ను బల్ల అంచున పెట్టి, గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూసి చూడండి. విద్యార్థులందరూ మోడల్‌ను పై నుంచి చూస్తూ కడతారు, ప్రేక్షకులెవరూ అలా చూడరు. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం తప్పులు మీకే తెలిసిపోతాయి.

7. మనుషులను నడిపించండి

ఒక రంగాన్ని మొదటినుంచి చివరిదాకా ఎవరైనా పైకి చదువుతుండగా, అట్ట మనుషులను ప్లాన్ మీద కదపండి. నాటక శాఖ మిత్రుడు దగ్గర ఉంటే అతనిని బ్లాకింగ్ (ఎవరు ఎప్పుడు ఎటు కదలాలో) చెప్పమనండి. ఇద్దరు పాత్రధారులు ఎదురెదురుగా దాటవలసిన చోట కనీసం 3 అడుగుల దారి ఉన్నదో లేదో చూడండి. పట్టుచీరలు, పంచెలు కట్టినవారికి అంతకన్నా ఎక్కువే కావాలి. మెట్లు ఒక్కొక్కటి 6 నుంచి 7 అంగుళాల ఎత్తు, 11 నుంచి 12 అంగుళాల వెడల్పు ఉండాలి. అంతకన్నా ఇరుకైతే నటుడు ప్రేక్షకులవైపు కాక తన కాళ్లవైపు చూసుకుంటూ దిగుతాడు.

ఇంకొక మెట్టు పైకి వెళ్లగలిగితే, తరగతి గదిలోనో వరండాలోనో సుద్దముక్కతో అసలు కొలతల్లో ప్లాన్ గీసి, మీరే అందులో నడవండి. రెండు బెంచీలు కలిపి మంచం అనుకోండి. నాకు తెలిసి ఈ పరీక్షలో మార్పు లేకుండా నిలిచిన ప్లాన్ ఒక్కటీ లేదు.

8. అసలు మోడల్ కోయండి

ఇక చేతిపనికి వస్తే పెద్దగా చెప్పవలసింది లేదు. 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు మన స్కేలులో దాదాపు 5 అంగుళాల మందం అవుతుంది, అంటే ఇటుక గోడంత. చెక్క చట్రానికి గుడ్డ బిగించిన ఫ్లాట్‌కు అది చాలా ఎక్కువ. కాబట్టి ఫ్లాట్లకు మౌంట్ బోర్డు, లెవెల్స్‌కు, అడుగు పెట్టెకు ఫోమ్ బోర్డు వాడండి. ఫోమ్ బోర్డు మీద ఒక మౌంట్ బోర్డు పొర అంటిస్తే సుమారు 6 మిల్లీమీటర్లు వచ్చి 6 అంగుళాల లెవెల్‌కు సరిపోతుంది.

ఒకేసారి నొక్కి కోయవద్దు. మెల్లగా మూడు గీతల్లో కోయండి. స్కేలు పట్టుకున్న చేతి వేళ్లు బ్లేడు దారిలో ఉండకూడదు. బ్లేడు మొండిబారితే వెంటనే మార్చండి, వేళ్లు తెగేది ఎక్కువగా మొండి బ్లేడు జారినప్పుడే. తలుపులు, కిటికీలు గోడ నిలబెట్టకముందే కోసి పెట్టుకోవాలి. సామానును జిగురుతో అంటించవద్దు. పరీక్షలో మంచం జరిపి మరొక రంగం చూపించమని అడిగితే ఇబ్బంది పడతారు.

9. రంగును లైటు కింద చూసి నిర్ణయించండి

ట్యూబులైటు కింద వేసిన రంగు వేదిక మీద అలాగే ఉండదు. అట్టముక్కల మీద మూడు నాలుగు రంగులు వేసి, టార్చికి జిలెటిన్ పేపరు కట్టి చూడండి. అంబర్ (పసుపు నారింజ) వెలుగులో నీలం మాసిపోతుంది, నీలి వెలుగులో ఎరుపు నల్లగా మారుతుంది. రాత్రి రంగం ఉన్న నాటకంలో ఎర్ర గడప వేసి, ఆ గడపే కనబడక తికమకపడినవారు ఉన్నారు.

గోడలకు తెల్లసున్నం రంగు వేయాలన్న కోరిక సహజం, మన ఇళ్లు అలాగే ఉండేవి. అయితే తెల్ల గోడ లైటంతా వెనక్కి విసిరి నటుడి ముఖాన్ని చీకటి చేస్తుంది, తెల్లపంచె కట్టిన పాత్ర గోడలో కలిసిపోతుంది. దానికి కొంచెం బూడిద, కొంచెం పసుపుమట్టి రంగు కలిపి రెండు మెట్లు దించండి. లైటు పడ్డాక అది తెల్లగానే కనబడుతుంది. పరీక్షకు మీ మనిషి బొమ్మకు ఒకదానికి తెల్లపంచె, ఒకదానికి ముదురు చీర రంగు వేసి గోడ ముందు నిలబెట్టి, నాలుగు అడుగుల దూరం నుంచి కళ్లు చిట్లించి చూడండి. రెండు ఆకారాలూ విడిగా కనబడాలి.

కట్టిన సెట్టుకు డబ్బు లేకపోయినా, చోట్లు ఎక్కువగా మారినా చిత్రించిన తెరలు మంచి ప్రత్యామ్నాయం. 1885లో మొదలైన సురభి నాటక కుటుంబాలు తరతరాలుగా తెరలతో, కటౌట్లతో, తాళ్లతో వీధిని, అడవిని, దర్బారును నిమిషాల్లో మార్చి చూపిస్తున్నాయి. చిత్రలేఖనం విద్యార్థులకు ఇది తమ బలం చూపే చోటు కూడా. వీలైతే వారి ప్రదర్శన ఒకటి టిక్కెట్టు కొని చూడండి. కథ తెలిసినదే కాబట్టి కళ్లు తెరలు మారే తీరు మీదే పెట్టండి. మోడల్‌లో తెరలను పలుచని గుడ్డతో కాక కాగితంతో చేయండి, ఈ సైజులో గుడ్డ మడతలు దుప్పట్లలా లావుగా కనబడతాయి.

అసలు సెట్టు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త: వేడెక్కే లైట్లకు దగ్గరగా థర్మోకోల్, నైలాన్ గుడ్డ, ఎండుగడ్డి పెట్టవద్దు. మోడల్‌లోనే లైటు గొట్టాల స్థానం గుర్తించి ఉంచితే ఈ ప్రమాదం ముందే కనబడుతుంది.

10. అప్పగించే ముందు సరిచూసుకోండి

ప్లాన్‌లోని ఏవైనా అయిదు కొలతలు స్నేహితుడిని ఎంచమని చెప్పి, అవి మోడల్‌లో స్కేలు పెట్టి కొలవమనండి. ఒక మిల్లీమీటరు తేడాను వదిలేయవచ్చు. మూడు మిల్లీమీటర్లు దాటితే అసలు సెట్టులో దాదాపు 3 అంగుళాలు తప్పినట్టు, ఆ ముక్క తిరిగి కోయండి. ప్రతి గుమ్మంలోంచి నిలబడిన మనిషి బొమ్మను దాటించండి. మంచం కిందికి ఇద్దరినీ తోసి, మొదటి వరుస ఎత్తులో కన్ను పెట్టి చూడండి. ప్లాన్‌ను మాత్రమే ఒక మిత్రుడికి ఇచ్చి, మోడల్ చూడకుండా ఆ గది ఎలా ఉంటుందో చెప్పమనండి. అతను చెప్పినది మోడల్‌తో కలవకపోతే ప్లాన్‌లో ఏదో రాయడం మరిచిపోయారు.

ప్లాన్, సెక్షన్, రంగాల పట్టిక, తెల్ల మోడల్ ఫోటోలు, మీరు మార్చుకున్న చోట్లు, అన్నీ ఒక ఫైలులో పెట్టండి. చింపేసిన ప్లాన్లను దాచుకోండి. పీజీ ప్రవేశాల ఇంటర్వ్యూలో నున్నగా పూర్తయిన మోడల్ కన్నా, మంచం ఎత్తు ఎందుకు మార్చారో చూపే మరకల కాగితమే మీ ఆలోచనను చెబుతుంది. ఫోటోలు ప్రేక్షకుడి కంటి ఎత్తు నుంచి, గది లైట్లు ఆర్పి, ఒక్క టార్చి వెలుగులో తీయండి. ఒక మనిషి బొమ్మ లేకుండా ఏ ఫోటో తీయవద్దు.

మోడల్‌ను బస్సులోనో రైల్లోనో తీసుకువెళ్లవలసి వస్తే సామానును విడిగా అగ్గిపెట్టెల్లో పెట్టి, పెట్టె మీద రంగం సంఖ్య రాయండి. విరిగితే అక్కడికక్కడే అతికించడానికి ఫెవికాల్, నాలుగు గుండుసూదులు, ఒక కొత్త బ్లేడు, అదే రంగు కొంచెం చిన్న సీసాలో వెంట ఉంచుకోండి.